టికెట్టు ఉచితమే... మరి బస్సేదీ?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచే మహిళలు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు కొనకుండా ప్రయాణిస్తున్నారు. రెండు చోట్లా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఈ సౌకర్యం వర్తిస్తుంది. తెలంగాణలో జారీ అయిన జీరో టికెట్లు 200 కోట్లు దాటాయని 2025 జూలైలో ప్రభుత్వం ప్రకటించి డిపోల్లో సంబరాలు కూడా జరిపింది.

ఈ పథకాలను మన సంఘం స్వాగతించింది, ఇప్పుడూ స్వాగతిస్తోంది. రోజు కూలి మీద బతికే మహిళకు రానుపోను ఛార్జీ మిగిలితే అది ఆమె చేతిలో పడిన కూలి పెంపుతో సమానం. ఆసుపత్రికి, బ్యాంకుకు, పుట్టింటికి వెళ్లాలంటే ఇంట్లో మగవాళ్లను డబ్బు అడగాల్సిన అవసరం తప్పడం చిన్న విషయం కాదు. ఉచిత బస్సు ఎక్కిన ఆడవాళ్లను ఎగతాళి చేస్తూ సామాజిక మాధ్యమాల్లో తిరిగే వీడియోలను, పని లేక తిరుగుతున్నారనే మాటలను మనం గట్టిగా తిప్పికొట్టాలి.

అయితే జీరో టికెట్టు చేతికి రావాలంటే ముందు బస్సు ఊళ్లోకి రావాలి. రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే ఊళ్లో ఈ పథకం విలువ రెండు ట్రిప్పులే. బస్సు పూర్తిగా ఆగిపోయిన ఊళ్లో ఆ విలువ సున్నా. మెయిన్ రోడ్డు దాకా నాలుగైదు కిలోమీటర్లు నడిచో, ఆటోకు డబ్బులిచ్చో వెళ్లాక ఎక్కే బస్సు ఉచితమైతే, సగం దారికే ఉచితం దక్కినట్టు. పట్టణానికి దగ్గరగా, హైవే పక్కన ఉన్న ఊళ్లకు ఎక్కువ ప్రయోజనం, లోపలి ఊళ్లకు తక్కువ ప్రయోజనం అన్నట్టుగా పథకం నడుస్తోంది. వర్షాధారపు భూములు, చిన్న కమతాలు, కౌలు సేద్యం, వ్యవసాయ కూలీలు ఎక్కువగా ఉండేది ఆ లోపలి ఊళ్లలోనే. అందుకే పల్లె బస్సును రవాణా శాఖ సమస్యగా వదిలేయకుండా, రైతాంగ సమస్యగా చూడాలని ఈ సంచికలో చర్చకు పెడుతున్నాం.

వచ్చిన బస్సు ఎలా దూరమైంది

నిజాం రాష్ట్రంలో 1932 జూన్ 15న 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత ప్రైవేటు బస్సుల రూట్లను దశలవారీగా జాతీయం చేస్తూ సంస్థ జిల్లాలకు విస్తరించింది. లాభం వచ్చే రూట్లలో వచ్చిన సొమ్ముతో లాభం రాని రూట్లను నడపడం ఈ విస్తరణకు ఆధారం. పట్టణాల మధ్య తిరిగే బస్సు సంపాదనలో కొంత పల్లె బస్సుకు డీజిలయ్యేది. అలాగే ఊరూరికీ ఎర్రబస్సు చేరింది. సంబంధం కలుపుకునేటప్పుడు ఆ ఊరికి బస్సుందా అని అడిగే రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాత్రికి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు చదువుకునే పిల్లలకు, కూరగాయల గంపలకు, ఆసుపత్రికి వెళ్లే రోగులకు ఒకే ఆధారంగా ఉండేది. బస్సు టాపు మీద గంపలు, మూటలు, నారుకట్టలు, కోళ్ల బుట్టలు వెళ్లేవి.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ఉదారవాద విధానాలు వచ్చాక ప్రతి సర్వీసునూ కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చింది, ఎన్ని సీట్లు నిండాయి అనే లెక్కతోనే కొలవడం మొదలైంది. ఆ కొలతలో లోపలి ఊరి బస్సు ఎప్పుడూ ఓడిపోతుంది. ముందు నైట్ హాల్ట్ రద్దవుతుంది. తర్వాత మధ్యాహ్నం ట్రిప్పు పోతుంది. ఉదయం బస్సు ఆలస్యం కావడంతో బడిపిల్లలు ఆటో ఎక్కుతారు. పిల్లలు ఎక్కడం లేదు కాబట్టి జనం లేరంటూ ఉదయం ట్రిప్పు కూడా తీసేస్తారు. బస్సు సరిగ్గా నడపకపోవడం వల్ల జనం తగ్గితే, జనం తగ్గారని బస్సు ఎత్తేయడం ఈ పద్ధతి.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు చేపట్టిన సమ్మె 52 రోజులు సాగింది. ఆ సమ్మె నడుస్తుండగానే 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని అప్పటి మంత్రివర్గం తీర్మానించింది. సమ్మె ముగిశాక కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీలు పెరిగాయి, నష్టాల పేరుతో సర్వీసులు కుదించారు. మరుసటి ఏడాది కరోనా వచ్చింది. కరోనాలో ఆగిన పల్లె సర్వీసులు కొన్ని మళ్లీ రోడ్డెక్కనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజారవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. కార్మికులు ఎన్నాళ్లుగానో కోరుకున్న మార్పు అది. అయితే ఉద్యోగి హోదా మారినంత మాత్రాన ఊరికి ట్రిప్పులు పెరగవు. బస్సులు, సిబ్బంది పెరిగితేనే అవి పెరుగుతాయి. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్ల స్థానంలో కొత్తవారిని తీసుకోవడం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి సాగదీశారు.

పల్లెవెలుగుకు ఇంకో చిక్కుంది. కొత్తగా కొన్న బస్సు సాధారణంగా ముందు దూరప్రాంత సర్వీసుకు వెళ్తుంది. అక్కడ అరిగిపోయాక సీట్లు, రంగు మార్చి పల్లె సర్వీసుకు పంపుతారు. అంటే పల్లెకు దక్కేది మొదటినుంచీ పాత బస్సే. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు చేయాలని కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ప్రయాణికుల భద్రత రీత్యా పాత బస్సులను తీసేయడం సరైనదే. తీసేసిన ప్రతి పాత బస్సుకు బదులు కొత్తది కొనకపోతే ఆ వేటు ముందుగా పడేది పల్లె రూటు మీదే.

సాగు ఖర్చులో కనపడని గడి

సాగు ఖర్చు లెక్కగట్టే పట్టికలో విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, యంత్రం, వడ్డీ అంటూ గళ్లుంటాయి. రైతు తిరుగుళ్లకు అందులో గడి లేదు. ఒక పంటకాలంలో రైతు ఎన్నిసార్లు ఊరు దాటతాడో ఒకసారి లెక్కేసుకోండి. విత్తనాలకు, ఎరువులకు, పంట రుణం రెన్యువలుకు, పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి, కాలిన మోటారు రిపేరుకు, ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటాఫీసుకు, పంట నష్టం రాయించుకోవడానికి, కొనుగోలు కేంద్రంలో టోకెన్‌కు, చివరికి డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడానికి బ్యాంకుకు. ఒక పనికి ఒక్కసారి వెళ్తే సరిపోదని ప్రతి రైతుకూ తెలుసు. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం సహకార సంఘాల ముందు తెల్లవారకముందే చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టిన దృశ్యాలు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. పొద్దున తొమ్మిదింటికి వచ్చే బస్సు కోసం ఆగిన రైతు ఆ వరుసలో ఎక్కడుంటాడు?

బస్సు లేనిచోట రైతు బైకు కొన్నాడు. ఫైనాన్సు మీద కొన్నాడు. పట్టణానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరినుంచి ఒకసారి వెళ్లి రావడానికి 40 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద, లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో, ఒక ప్రయాణానికి 80 రూపాయల పైమాటే. నెలకు పదిసార్లు తిరిగితే 800. అయిదు నెలల పంటకు నాలుగు వేలు. ఇది పెట్రోలు లెక్క మాత్రమే. నెలవారీ కిస్తీ, ఇన్సూరెన్సు, రిపేర్లు వేరు. రెండెకరాల కౌలు రైతుకు ఇది నేరుగా పెట్టుబడిలో పడే భారం. ఆ పెట్టుబడి కూడా వడ్డీకి తెచ్చినదే.

బండి కొన్నా ఇంట్లో అందరి అవసరం తీరదు. దాన్ని నడిపేది సాధారణంగా ఇంటి మగవాడు. అతను పొలం దగ్గరుంటే, భార్య ఆసుపత్రికి వెళ్లాలన్నా, కూతురు కాలేజీకి వెళ్లాలన్నా, తల్లి పింఛను పని మీద మండలాఫీసుకు వెళ్లాలన్నా అతను పని మానాల్సిందే. పొలం పని మానితే కూలి మనిషిని పెట్టాలి. ఇంటర్‌తో ఆగిపోయిన ఎంతోమంది ఆడపిల్లల చదువు వెనక ఫీజు ఎంతుందో, సాయంత్రం ఆరింటి తర్వాత ఊరికి బస్సు లేకపోవడం కూడా అంతే ఉంది.

ప్రాణాల లెక్క కూడా చూడాలి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఎవరి బండి మీద వారు తిరగడమే రవాణా విధానంగా మారినప్పుడు, ఆ విధానానికి మూల్యం ఇలా చెల్లిస్తున్నాం.

కూలీల ప్రయాణం: పనికి వెళ్తే ఇంటికి వస్తారన్న నమ్మకం లేదు

బండి కూడా లేనివారి సంగతి ఇంకా దారుణం. నాట్లు, కలుపు, పత్తి తీత, మిర్చి కోత సీజన్లలో కూలీలు ఊరు దాటి పది, ఇరవై, ముప్పై కిలోమీటర్లు పనికి వెళ్తున్నారు. వారిలో ఎక్కువమంది మహిళలు. వారికి దిక్కు ట్రాక్టరు ట్రాలీ, లేదా ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పదిహేను మంది.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మహిళలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది బలయ్యారు. 2022 జూన్ 30న శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో పనికి బయలుదేరిన ఆటో మీద కరెంటు తీగ తెగిపడి అయిదుగురు మహిళా కూలీలు సజీవదహనమయ్యారు. ప్రతి ఘటన తర్వాతా పరిహారం ప్రకటిస్తారు, ఓవర్‌లోడు వాహనాలపై పది రోజులు తనిఖీలు చేస్తారు. ఆ తనిఖీల్లో ఆటో డ్రైవరుకు జరిమానా పడుతుంది. మరుసటి రోజు కూలీలు దేనిలో వెళ్లాలో ఎవరూ చెప్పరు.

బస్సు ఉన్నంత మాత్రాన ప్రాణానికి భరోసా లేదని కొండగట్టు చూపించింది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లాలో పల్లెలనుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఒక్క బస్సులో దాదాపు వంద మందిని కుక్కుకుని వెళ్తున్న రోజు అది. ఆ రూటులో తగినన్ని బస్సులు ఉంటే అంతమంది ఒకే బస్సు ఎక్కేవారా? చాలినన్ని ట్రిప్పులు లేకపోవడమే ప్రమాదానికి ఒక కారణమన్న పాఠాన్ని ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ నేర్చుకున్నట్టు కనపడదు. ఉచిత ప్రయాణం వచ్చాక ఎక్కేవారు పెరిగారు. అంతే వేగంగా బస్సులు పెరగకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లల సంఖ్య పెరుగుతుంది.

నష్టమంటే ఏమిటి?

పల్లె బస్సు అడిగిన ప్రతిసారీ డిపోలో వినిపించే సమాధానం ఒక్కటే: ఆ రూటు నష్టాల్లో ఉంది. ఈ మాటను సూటిగా ఎదుర్కోవాలి.

ఆర్టీసీలకు పునాది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. దాని 18వ సెక్షన్ సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, సమన్వయంతో రవాణా సేవలు అందించడం సంస్థ బాధ్యత అంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాలను అనుసరించి నడవాలంటుంది. పాలకులు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని మరిచిపోయారు. చాలినంతగా అన్న మాటకు అర్థం ఊరికి బస్సు ఉండాలని కాదా?

ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఏడాదికి ఎంత లాభం తెచ్చిందని ఎవరూ అడగరు. పశువుల ఆసుపత్రినీ, చెరువు తూమునూ అలా అడగరు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన కింద ఎన్నో ఊళ్లకు తారురోడ్లు పడ్డాయి. ఆ రోడ్లమీద లాభమెంతని లెక్కవేయలేదు, వేయకూడదు కూడా. ఆ రోడ్డు మీద తిరగాల్సిన బస్సు దగ్గరికి వచ్చేసరికే లాభనష్టాల పుస్తకం తెరుస్తున్నారు. రోడ్డు వేసి బస్సు తిప్పకపోతే, అది కాలువ తవ్వి నీళ్లు వదలకపోవడం లాంటిదే.

ఒక ట్రిప్పుకు డీజిలు, జీతాలు పోను పడే లోటు ఆర్టీసీ పుస్తకంలో నష్టంగా కనిపిస్తుంది. అదే ట్రిప్పు లేనప్పుడు ఊళ్లో రెండు వందల కుటుంబాలు పెట్రోలుకు, ఆటోకు, ఫైనాన్సుకు పెట్టే ఖర్చు ఏ పుస్తకంలోనూ కనపడదు. ఆర్టీసీ లోటు తగ్గించామని చెప్పుకునేటప్పుడు ఆ లోటును రైతుల, కూలీల జేబుల్లోకి మార్చామనే చెప్పాలి. పైగా ఆర్టీసీ కొనే డీజిలు మీద పన్నులు ప్రభుత్వాలకే వెళ్తాయి. మోటారు వాహన పన్నూ ప్రభుత్వానిదే. 2022 మొదట్లో బల్కు డీజిలు ధర బంకు ధరను మించిపోయినప్పుడు మన ఆర్టీసీ బస్సులు రోడ్డు పక్క బంకుల్లో డీజిలు కొట్టించుకోవాల్సి వచ్చింది. ఇలాంటి భారాలన్నీ సంస్థ మీద వేసి, తప్పు మాత్రం పల్లె రూటు మీదకు నెట్టడం న్యాయం కాదు.

కేంద్ర ప్రభుత్వ ప్రాధాన్యాలు చూసినా పల్లె ఎక్కడుందో అర్థమవుతుంది. 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం అంచనా వ్యయం 57,613 కోట్ల రూపాయలు. అందులో కేంద్రం వాటా 20,000 కోట్లు. లక్ష్యం 10,000 ఎలక్ట్రిక్ బస్సులు. అవి ప్రధానంగా మూడు లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాలకే. నగరాలకు బస్సులు అవసరమే. మన బిడ్డలు కూడా ఆ నగరాల్లోనే చదువుకుంటున్నారు, పనిచేస్తున్నారు. పల్లె బస్సుకు అలాంటి కేంద్ర పథకం ఒక్కటీ ఎందుకు లేదన్నదే మన ప్రశ్న.

దారి లేకపోలేదు

పక్క రాష్ట్రాల అనుభవం చూద్దాం. కేరళలో 2022 జూలైలో గ్రామవండి పథకం మొదలైంది. తిరువనంతపురం జిల్లా కొల్లయిల్ పంచాయతీలో తొలి బస్సు తిరిగింది. డీజిలు ఖర్చు స్థానిక సంస్థ భరిస్తుంది. బస్సు, సిబ్బంది, మరమ్మతులు కేఎస్ఆర్టీసీ చూసుకుంటుంది. ఏ దారిన, ఏ వేళకు తిరగాలన్నది పంచాయతీ అభిప్రాయం మేరకు నిర్ణయిస్తారు. బస్సు వేళలు డిపో సౌలభ్యం కోసం కాకుండా ఊరి అవసరం కోసం ఉండాలన్న సూత్రం ఇందులో మనం నేర్చుకోవాల్సినది. అలాగని దాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే కుదరదు. కేరళ పంచాయతీలకు ప్రణాళికా నిధుల్లో చెప్పుకోదగ్గ వాటా ఉంది. మన పంచాయతీలు వీధిదీపాల కరెంటు బిల్లులకే తడుముకుంటున్నాయి. డీజిలు భారం పంచాయతీ నెత్తిన పెడితే పేద పంచాయతీకి మళ్లీ బస్సు ఉండదు. నిధులు రాష్ట్ర బడ్జెట్ నుంచి రావాలి, వేళలు, దారులు గ్రామసభ చెప్పాలి.

తెలంగాణలో మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చే పద్ధతి 2025 మార్చిలో మొదలైంది. ఈ బస్సులు ఏ రూట్లలో తిరుగుతున్నాయన్నది ముఖ్యం. మండల సమాఖ్య కొన్న బస్సు ఆ మండలం పల్లెల్లో తిరిగితే పథకానికి అర్థముంటుంది. అద్దె ఆదాయం ఒకరికి, ప్రయాణం ఇంకెక్కడో అయితే అది మరో అద్దె బస్సుగానే మిగులుతుంది.

సరుకు రవాణా సంగతి మరీ ముఖ్యం. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు కూరగాయల రైతులు పట్టణం చేరేందుకు ఆర్టీసీ బస్సుల ఏర్పాటును కూడా దానిలో భాగం చేశారు. దళారీ లేకుండా అమ్ముకోవాలంటే ముందు రైతు అక్కడికి చేరాలన్న చిన్న సత్యాన్ని అప్పుడు గుర్తించారు. ఇప్పుడు ఆ ఏర్పాటు చాలాచోట్ల పేరుకే మిగిలింది. పెద్ద రైతు తన టమాటాను తన లోడుగా మదనపల్లె మార్కెట్టుకు పంపుకోగలడు. పది బాక్సుల రైతు గూడ్సు ఆటోకు ఇచ్చే కిరాయి, ధర పడిపోయిన రోజున, వచ్చిన డబ్బును మింగేస్తుంది. ఆ లెక్క చూసుకుని కాయను చెట్టుమీదే వదిలేసే రైతులున్నారు. రెండు ఆర్టీసీలూ కార్గో, పార్శిల్ సేవల మీద ఆదాయం సంపాదిస్తున్నాయి. పట్టణాల మధ్య కొరియర్ కవర్లు, సామాన్లు మోసే ఆ వ్యవస్థ పల్లెనుంచి పట్టణానికి గంపలు, బాక్సులు ఎందుకు మోయకూడదు?

ఆటో కార్మికులను శత్రువులుగా చూడొద్దు

ఉచిత బస్సు వచ్చాక ఆటో డ్రైవర్ల ఆదాయం పడిపోయిన మాట నిజం. వారి ఆందోళనల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఏడాదికి 15,000 రూపాయల సాయం ప్రకటించి ఇచ్చింది. తెలంగాణలో ఇచ్చిన హామీలు అమలు కావాలని డ్రైవర్లు ఇంకా రోడ్డెక్కుతూనే ఉన్నారు. ఆటో నడిపేది ఎవరు? రెండెకరాలు గిట్టక, కౌలు భరించలేక, ఫైనాన్సు మీద బండి తీసుకున్న రైతు బిడ్డలే వారిలో చాలామంది. బస్సు ఎక్కిన మహిళకూ, ఆటో నడిపే ఆమె తమ్ముడికీ మధ్య తగవు పెట్టి ప్రభుత్వం తప్పించుకోకూడదు.

బస్సు తిరగలేని ఇరుకు దారులు, తండాలు, గూడేలు, పొలాల మధ్య ఉన్న కాలనీలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడినుంచి బస్సు ఆగే చోటు దాకా నిర్ణీత వేళల్లో, నిర్ణీత ఛార్జీతో, పరిమితికి లోబడి మనుషులను చేర్చే బాధ్యత ఆటోలకు ఇచ్చి, దానికి ప్రభుత్వం కనీస ఆదాయ హామీ ఇస్తే ఇద్దరికీ మేలు. కూలీలను పొలాలకు చేర్చే వాహనాలకు సీజనల్ పర్మిట్లు, ఫిట్‌నెస్ తనిఖీ, ఇన్సూరెన్సు కల్పించి ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఓవర్‌లోడుకు జరిమానాలు వేస్తే సమస్య తీరదని ఇన్నేళ్ల అనుభవం చెప్పింది.

మన డిమాండ్లు

ఈ పరిస్థితుల్లో రెండు రాష్ట్ర ప్రభుత్వాల ముందు మన సంఘం ఈ కింది డిమాండ్లను ఉంచుతోంది.

ఒకటి: ప్రతి గ్రామ పంచాయతీకి రోజుకు కనీసం ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ట్రిప్పులు గ్యారంటీ చేయాలి. రద్దయిన నైట్ హాల్ట్ సర్వీసులను పునరుద్ధరించాలి.

రెండు: పల్లె రూట్ల లోటును పూడ్చడానికి రాష్ట్ర బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు పెట్టాలి. ఉచిత ప్రయాణానికి చెల్లించాల్సిన సొమ్మును ఆర్టీసీకి ప్రతి నెలా బకాయి లేకుండా ఇవ్వాలి.

మూడు: తీసేసిన ప్రతి పాత బస్సుకు బదులు కొత్త బస్సు కొనాలి. కొత్త బస్సుల్లో నిర్దిష్ట వాటా నేరుగా పల్లెవెలుగుకు కేటాయించాలి. డ్రైవర్, కండక్టర్, మెకానిక్ ఖాళీలను రెగ్యులర్ పద్ధతిలో భర్తీ చేయాలి.

నాలుగు: నాట్లు, పత్తి తీత, మిర్చి కోత సీజన్లలో కూలీలు ఎక్కువగా వెళ్లే రూట్లను గుర్తించి తెల్లవారుజామున, సాయంత్రం ప్రత్యేక బస్సులు నడపాలి.

అయిదు: రైతుబజార్లకు, మార్కెట్ యార్డులకు ఉదయం వెళ్లే సర్వీసుల్లో గంపలు, బాక్సులు పెట్టుకునే చోటు కల్పించాలి. చిన్న, సన్నకారు రైతుల సరుకుకు ఛార్జీ తీసుకోకూడదు.

ఆరు: ఏ సర్వీసునైనా రద్దు చేసే ముందు గ్రామసభలో చర్చ జరగాలి. డిపో స్థాయిలో రైతులు, కూలీలు, విద్యార్థులు, ఆర్టీసీ కార్మికులు, ఆటో కార్మికుల ప్రతినిధులతో కమిటీ వేసి వేళలను అందులోనే నిర్ణయించాలి.

ఏడు: బస్సు తిరగాల్సిన గ్రామీణ రోడ్లకు వానాకాలం ముగిసిన వెంటనే మరమ్మతులు చేయాలి. రోడ్డు బాగోలేదన్న సాకుతో రద్దయిన సర్వీసుల జాబితాను రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ శాఖలకు పంపి గడువు పెట్టాలి.

శాఖలు చేయాల్సిన పని

డిమాండ్లు అచ్చువేసినంత మాత్రాన బస్సు రాదు. నీటి కోసం, మద్దతు ధర కోసం పోరాడినట్టే దీనికీ పోరాడాలి. దానికి ముందు మన చేతిలో లెక్క ఉండాలి. డిపో మేనేజరు దగ్గర సీట్ల లెక్క ఉంటుంది. బస్సు ఎక్కనివారి లెక్క మాత్రం ఆయన దగ్గర ఉండదు. దాన్ని తయారుచేయాల్సింది మన గ్రామ శాఖలే.

ప్రతి శాఖ రాబోయే నెలలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఊరికి పదేళ్ల కిందట ఎన్ని ట్రిప్పులు ఉండేవి, ఇప్పుడెన్ని, ఏది ఎప్పుడు ఆగింది, ఏ కారణం చెప్పారు రాయండి. ఒక వారం పాటు రోజూ ఊరినుంచి ఎంతమంది, ఏ వేళకు, ఏ పనిమీద, దేనిలో వెళ్తున్నారో రాయండి. బడికి, కాలేజీకి వెళ్లే పిల్లల పేర్లు, కూలికి బయటి ఊళ్లకు వెళ్లే మహిళల సంఖ్య, ఆటోకు రోజుకు అయ్యే ఖర్చు రాయండి. బస్సు బోర్డు మీద ఉన్న వేళ ఎంత, నిజంగా వచ్చిన వేళ ఎంతో కూడా రాయండి. ఈ పనిలో విద్యార్థులను, మహిళా సంఘాల సభ్యులను కలుపుకోండి. ఊరి గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన ఆర్టీసీ కండక్టర్లతో మాట్లాడండి. సర్వీసుల రద్దు వల్ల నష్టపోయేది వారు కూడా.

ఆ లెక్కను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. తీర్మానం కాపీలు డిపో మేనేజరుకు, జిల్లా కలెక్టరుకు, శాసనసభ్యుడికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకే రూటులో ఉన్న అయిదారు ఊళ్లు కలిసి వెళ్తే మాటకు బలం ఉంటుంది. ఒక ఊరు ఒంటరిగా అడిగితే జనం చాలరంటారు. రూటు మొత్తం కలిసి అడిగినప్పుడు ఆ సమాధానం చెల్లదు. ఒక్క అర్జీతో పని కాకపోతే డిపోల ముందు ధర్నాలకు జిల్లా కమిటీలు సిద్ధం కావాలి. ఆ ధర్నాలకు ఆర్టీసీ కార్మిక సంఘాలను, ఆటో కార్మిక సంఘాలను, విద్యార్థి, మహిళా సంఘాలను ఆహ్వానించాలి.

ఎన్నికల ముందు ఉచిత ప్రయాణం వాగ్దానం చేసినవారు దాన్ని అమలు చేశారు. అది జనం ఓటుతో సాధించుకున్నదే. ఆ ప్రయాణానికి కావాల్సిన బస్సును కూడా అలాగే సాధించుకోవాలి. శాఖలు పూర్తిచేసిన గ్రామ లెక్కలను వచ్చే నెల 20వ తేదీలోగా జిల్లా కార్యాలయాలకు పంపాలని కోరుతున్నాం. వాటిలోని వివరాలను రూట్లవారీగా తర్వాతి సంచికల్లో ప్రచురిస్తాం.